ఎనిమిది మీటర్ల కొలను

"చెప్పావా?" అని లోపల్నుంచి వాల్టర్ అడిగాడు. కొత్త ఇంటికి ఇంకా కిటికీలు బిగించలేదు. మాట నేరుగా తోటలోకి వచ్చింది, ప్లాస్టరు దుమ్ముతో సహా. హిల్డా లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది, గోడ అవతలున్న భర్తకి అది కనపడదని తెలిసి కూడా. పన్నెండు దాటి ఐదు నిమిషాలు. సిరీల్ అన్నయ్య పన్నెండున్నరకి వస్తాడు. సైకిలు కంచెకి ఆనించి, ఎడమ మోకాలు ఒకసారి నిమురుకుని, గాలి వెనకనుంచే ఉందే అంటాడు. ఆ తర్వాత తలెత్తి చూస్తాడు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది. అంతసేపట్లో మనిషి ఒక్క మాట కూర్చుకోలేడా? 'అన్నయ్యా, నేను మర్చిపోయాను.' ఇది బాగుంది. చిన్నది, నోటికి తేలిగ్గా వస్తుంది. పొద్దుట్నుంచీ దాన్నే నాలుక కింద పెట్టుకుని తిరుగుతోంది, పిప్పరమెంటు బిళ్ళలా.

ఎదురుగా గొయ్యి ఉంది. నాలుగు మీటర్ల వెడల్పు, ఇప్పటికి మూడు మీటర్ల పొడవు, మనిషి గడ్డం దాకా వచ్చే లోతు. అంచులు కత్తితో కోసినట్టు నున్నగా ఉన్నాయి. అడుగున పసుపురంగు బంకమన్ను, దాని మీద గుప్పెడంత నీటి చెమ్మ. నిన్న పొద్దుటి దాకా ఇక్కడ పావురాల గూడు ఉండేది. గూడంటే చిన్నది కాదు, మనిషి లోపలికెళ్ళి నిలబడగలిగే చెక్క గది. నాన్న కట్టాడు, ఆకుపచ్చ రంగు వేశాడు, ఎలకలెక్కకుండా పొట్టి కాళ్ళ మీద నిలబెట్టాడు. ఇప్పుడది కంచె పక్కన చెక్కల కుప్ప. అందులో ఉండాల్సిన పదకొండు పావురాలూ ఈ ఉదయం ఏడింటికి, ఫ్రాన్సులో బూర్జ్ ఊరి బయట లారీ తలుపులు తెరవగానే, వేల పక్షులతో కలిసి పైకి లేచి పందెంలో ఉన్నాయి. నాలుగు వందల ముప్ఫై కిలోమీటర్లు. నది దాటి, పారిస్‌ని పక్కన పెట్టి, సరిహద్దు దాటి, ఎక్కడా ఆగకుండా ఇంటికి వస్తున్నాయి. ఈ ఇంటికి, ఈ గొయ్యికి.

ఆరు మీటర్లతో సరిపెట్టుకుని ఉంటే. మొదటి ప్లానులో ఆరే ఉంది. ఇల్లు గీసిన ఆర్కిటెక్టు పల్చటి కాగితం పరిచి నీలం పెన్సిలుతో కొలను వేసి, "ఇక్కడిదాకా వస్తే మీ అన్నగారి గూటికి అడుగు దూరంలో ఆగిపోతుంది, సెప్టెంబరు దాకా ఎవరికీ ఇబ్బంది లేదు" అన్నాడు. సెప్టెంబరు దాకా అన్నది అన్నయ్య అడిగిన గడువు. నాన్న పోయాక ఇల్లూ తోటా హిల్డా తీసుకుంది, గూడు మాత్రం నేను ఎగరేసినన్నాళ్ళూ ఉండనీ అన్నాడు అన్నయ్య, సరేనంది. ఇరవై ఏళ్ళు ఉంది. కిందటేడు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడదాం అనుకున్నప్పుడు అన్నయ్యే వచ్చి, "నా మోకాలు కూడా చాలంటోంది లేవే. ఈ ఒక్క సీజనూ ఎగరేసి, సెప్టెంబర్లో అన్నీ అమ్మేస్తా. అప్పుడు నీ ఇష్టం, ఈత కొట్టుకో, చేపలు పెంచుకో" అన్నాడు. ఆఖరి ఏడు కాబట్టి ఈ వసంతంలో గుడ్లు కూడా పొదగనివ్వలేదు. పదకొండే మిగుల్చుకున్నాడు. ఆడవీ మగవీ అన్నిటినీ పందేనికి పంపుతున్నాడు. అన్నీ అనుకున్నట్టే ఉన్నాయి. కాని ఒక ఆదివారం ఈ తోటలో నిలబడి ఆరు మీటర్లు అడుగులేసి కొలిచింది హిల్డా. ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. ఇంతేనా అనిపించింది. నాలుగు బారలు వేసేసరికి గోడ తగిలే కొలను కొలనేనా, స్నానాల తొట్టి గాని. ఎనిమిది చేద్దామంది. "ఉన్నది ఇద్దరం. తిమింగలాలమా ఏంటి?" అన్నాడు వాల్టర్. ఆమె నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో అతనికి తెలీదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ప్లాస్టిక్ తొట్టి సంగతి అతనికెప్పుడూ చెప్పలేదు, చెప్పేంత పెద్ద సంగతి కాదు కాబట్టి.

ఆ తొట్టి నీలం రంగుది, అంచు మీద ఎర్ర చేపలు. మేనత్త కొనిచ్చింది. అప్పట్లో పందేలు ఆదివారం ఉండేవి. ఆదివారమంటే ఆ ఇంట్లో ఊపిరి కూడా మెల్లగా పీల్చుకోవాలి. అమ్మ దుప్పట్లు తోటలో ఆరేసేది కాదు, తెల్లటి గుడ్డ గాలికి ఊగితే పావురం బెదిరి దిగదు, దిగకపోతే క్షణాలు పోతాయి, పందెం పోతుంది. అటక మీద తాళ్ళు కట్టి ఆరేసేది, వానాకాలం వాసన వేసేవి. కుక్కని లోపల కట్టేసేవారు. పక్కింటి వాళ్ళ పిల్లలకి చాక్లెట్లిచ్చి వీధి అవతలికి పంపేవారు. ఆరేళ్ళ హిల్డా, ఎండ మండిపోతున్న ఒక జూన్ ఆదివారం, అందరూ ఆకాశం కేసి చూస్తున్నారు కదా అని తొట్టిలో నీళ్ళు నింపుకుని కూర్చుంది. అరచేత్తో నీటి మీద ఒక్కసారి, ఒక్కటే సారి, చప్పుడు చేసింది. పావురం దిగబోతూ మళ్ళీ పైకి లేచింది. నాన్న వచ్చి, కాలితో తొట్టి అంచు ఎత్తి బోర్లించాడు. నీళ్ళు చిక్కుడు మడిలోకి పోయాయి. ఆమె ఒళ్ళంతా మట్టి. నాన్న అప్పటికే వెనక్కి తిరిగి, మొక్కజొన్న గింజల డబ్బా ఆడిస్తూ ఎంతో ముద్దుగా, ఎన్నడూ పిల్లల్ని పిలవనంత ముద్దుగా, రా నాన్నా రా అంటున్నాడు పక్షిని.

ఇదొక్కటే గుర్తుపెట్టుకుంది ఇన్నాళ్ళూ. ఇది కథలో సగమే. ఇప్పుడు, ఈ గొయ్యి పక్కన మడతకుర్చీలో కూర్చుంటే, రెండో సగం ఎక్కణ్ణుంచో ఊరుతోంది. అన్ని పావురాలూ వచ్చేశాక, సాయంత్రం, పదమూడేళ్ళ సిరీల్ పంపు దగ్గర్నుంచి బకెట్లతో నీళ్ళు మోసి ఆ తొట్టి మళ్ళీ నింపాడు. ఎన్ని బకెట్లో. "కూచోవే, ఇంక ఎంత గోల చేసినా ఎవరూ ఏమనరు" అన్నాడు. ఎండ పోయింది, చలేస్తోంది, నీళ్ళు మంచులా ఉన్నాయి. అలిగి కూర్చోలేదు. లోపలికెళ్ళిపోయింది. వాడు ఒక్కడే తొట్టి పక్కన కాసేపు నిలబడి, తర్వాత నీళ్ళు పారబోశాడు. ఇన్నేళ్ళూ నాన్న బోర్లించిన నీళ్ళనే తల్చుకుంది. వాడు పారబోసిన నీళ్ళ ఊసే ఎత్తలేదు, తనతో తను కూడా.

పన్నెండుంబావు. చర్చి గంట ఒక్కటి కొట్టింది. నైరుతి గాలి. ఇవాళ పక్షులు త్వరగా వస్తాయి. ఇది కూడా నాన్న నేర్పిందే, అడక్కుండా ఒంట్లో ఇంకిపోయింది. గాలి చూస్తే పావురం వచ్చే వేళ చెప్పగలదు, రెక్కల చప్పుడు వింటే ఆడో మగో చెప్పగలదు. టైల్స్ రంగులు మాత్రం ఒకపట్టాన తేల్చుకోలేదు. నిన్న పదకొండు గంటలప్పుడు ఆ టైల్స్ కొట్లోనే ఉంది. ఎడం చేతిలో బూడిదరంగు పలక, కుడి చేతిలో ఇసుకరంగు పలక. బూడిదరంగైతే కొలనులో నీళ్ళు లోతుగా కనిపిస్తాయట, ఇసుకరంగైతే వెచ్చగా కనిపిస్తాయట. ఫోను మోగింది. పొక్లెయిన్ నడిపే డిర్క్. అతన్ని తొందరగా పిలిపించిందీ తనే. గరాజు పక్క గోడ వచ్చేవారం లేస్తుంది, లేచాక పెద్ద బండి వెనక తోటలోకి పట్టదు, కాబట్టి ఆరు మీటర్లు ఇప్పుడే తవ్వేసి, మిగతా రెండూ సెప్టెంబర్లో చిన్న బండితో తవ్వాలని మాట.

"మేడమ్, పెద్ద బండి ఎలాగూ ఇక్కడే ఉంది. ఆ చివర్నుంచే మొదలుపెట్టి మొత్తం ఎనిమిదీ ఇప్పుడే లాగేస్తే మీకు మళ్ళీ రెండోసారి పనుండదు. ఆ చెక్క గది అడ్డంగా ఉంది గాని, తలుపు తీసి చూశాను. ఖాళీ. ఈక కూడా లేదు."

"ఖాళీగా ఉందా?"

"శుభ్రంగా తుడిచి ఉంది."

"అయితే తీసేయండి."

అరనిమిషం పట్టిందేమో. ఫోను సంచీలో వేసి, ఇసుకరంగు ఖాయం చేసింది.

ఇక్కడే ఆగుతుంది ఆలోచన ప్రతిసారీ. నిన్న రాత్రి మంచం మీద ఆగింది, ఇవాళ కాఫీ కప్పు దగ్గర ఆగింది. ఇక్కడ దాటితే 'మర్చిపోయాను' అన్న మాట కరిగిపోతుంది కాబట్టి. గురువారం సాయంత్రం పక్షుల్ని బుట్టల్లో పెట్టి క్లబ్బుకి పంపుతారు. శనివారం వదులుతారు. గూడు తుడిచి పెట్టుకుంటారు. శుక్రవారం అన్నయ్య ఈ ఛాయలకే రాడు, ఖాళీ గూడు కేసి చూస్తే పక్షి దారి తప్పుతుందని నాన్న నమ్మేవాడు, అన్నయ్య నమ్మనని అంటూనే రాడు. ఇదంతా డిర్క్‌కి తెలీదు, అతను తీరప్రాంతం మనిషి. వాల్టర్‌కీ తెలీదు, బ్యాంకు గుమస్తా కొడుకు. పావురాల ఇంట్లో పుట్టిన దానికి శుక్రవారం గూడు ఖాళీ అంటే ఏంటో ఒకరు చెప్పాలా? ఖాళీ అన్న మాట చెవిన పడగానే లోపల ఏదో కదిలింది. ఆమె దాన్ని చూసింది. రద్దీ బజార్లో ఎదురొచ్చే అప్పులాణ్ణి చూసినట్టు చూసి, తల తిప్పుకుంది. ఖాళీగా ఉందా అని అడిగింది తెలీక కాదు. ఆ మనిషి నోటితో ఇంకోసారి చెప్పించుకుందామని.

సాయంత్రం వచ్చి చూసింది. డిర్క్ మంచి పనివాడు, చెక్కల్ని విరక్కుండా పేర్చిపెట్టాడు. పక్షులు దిగే పలక అన్నిటికన్నా పైన ఉంది, గోళ్ళ గీతలతో తెల్లబడి. అక్కణ్ణుంచి కారు తీసుకుని అన్నయ్య ఉండే వీధికెళ్ళింది. ఇంటి ముందు ఆపింది. కిటికీలోంచి కనిపించాడు, రేడియో దగ్గరికి చెవి పెట్టి ఫ్రాన్సులో వాతావరణం వింటూ, పెన్సిలుతో పేపరు అంచు మీద ఏదో రాసుకుంటూ. వదిన పోయాక ఆ గదిలో దీపం ఎప్పుడూ ఒక్కటే వెలుగుతుంది. ఇప్పుడు చెప్తే మాత్రం ఏం చేస్తాడు, లారీ సగం దారిలో ఉంటుంది, రాత్రంతా నిద్రపోడు, అంతే కదా అనుకుంది. అతని నిద్ర కోసమే ఊరుకున్నట్టు ఇంటికొచ్చేసింది. పొద్దున్న అతనే ఫోన్ చేశాడు. "ఏడింటికి వదిలేశారే! ఆకాశం అద్దంలా ఉందిట. ఆఖరి బూర్జ్ పందెం, నువ్వు కూడా వచ్చి కూచో నాతో. నాన్న పోయాక ఒక్కసారి కూడా కూచోలేదు నువ్వు." వస్తానంది. కుర్చీలు నేను తెస్తానంది. అదీ తన ధైర్యం, రెండు మడతకుర్చీలంత.

"హిల్డా, నేను చెప్పనా పోనీ?" వాల్టర్ గుమ్మంలోకి వచ్చాడు. కనుబొమల నిండా తెల్ల దుమ్ము. పాపం, వైర్లకి గోడలో కాలవలు కొడుతున్నాడు తెల్లారినప్పట్నుంచీ. తప్పు తనదన్నట్టే ముఖం పెట్టుకున్నాడు, మంచివాడు. వద్దంది. సైకిలు చప్పుడైంది. ఇంకా పన్నెండూ ఇరవై ఐదే అయింది గడియారంలో. ఐదు నిమిషాలు ముందొచ్చాడు.

"ఏమే, పూల్ ఇంకా కాకుండానే దొరసానిలా కుర్చీ వేసుకుని కూచున్నావ్! గొడుగేదీ? నిమ్మరసమేదీ?" సందులోంచి వస్తూనే అందుకున్నాడు సిరీల్. ఆదివారపు చొక్కా వేసుకున్నాడు. చంకలో గింజల డబ్బా, చేతిలో అట్టపెట్టెలో బియ్యం, పాలతో కాల్చిన తీపి టార్టు, ఆఖరి బూర్జ్ కదా అని కొన్నాడు కాబోలు. తవ్విపోసిన మట్టిగుట్ట దాటి వచ్చాడు. ఆగాడు.

అరుస్తాడనుకుంది. అరిస్తే ఎంత బాగుండేది. అతను గొయ్యిని చూశాడు, చెక్కల కుప్పని చూశాడు, తర్వాత గొయ్యి పైన, ఏమీ లేని గాలిలో, తలకన్నా ఎత్తుగా, ఒకచోటు చూశాడు. పక్షులు దిగే పలక ఉండే చోటు. టార్టు పెట్టెని జాగ్రత్తగా కుర్చీలో పెట్టాడు.

"ఎప్పుడు?"

"నిన్న."

"శుక్రవారం." తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఖాళీగా ఉందని తీసేశాడా ఆ బండివాడు? నిన్నడక్కుండానే?"

"అడిగాడు."

సిరీల్ తల మెల్లగా ఆడించాడు. మోకాలు పట్టుకుని మట్టిగుట్ట మీద కూర్చున్నాడు. "ఇల్లు కడుతుంటే బుర్రలో వంద పనులుంటాయిలే. మర్చిపోయుంటావ్" అన్నాడు.

అతనే అందించాడు ఆ మాట. పొద్దుట్నుంచీ తను కూడబెట్టుకున్నది, అరచేతిలో పెట్టి ఇచ్చాడు. ఊఁ అంటే చాలు. డెబ్భైకి దగ్గరపడిన మనిషి చెల్లెలి కోసం ఇంకొక బకెట్టు మోసుకొస్తున్నాడు.

"లేదన్నయ్యా" అంది హిల్డా. "మర్చిపోలేదు. ఆ మాట వినగానే గుర్తొచ్చింది. అయినా తీసేయమన్నాను."

గుమ్మంలో వాల్టర్ సుత్తి కిందపెట్టిన చప్పుడు వినిపించింది. సిరీల్ ఆమె కేసి చూశాడు, కోపంగా కాదు, కొత్త మనిషిని పోల్చుకోబోతున్నట్టు. ఏదో అనబోయాడు. అప్పుడు అతని మెడ దానంతటదే దక్షిణం వైపు తిరిగింది. ఆమె మెడ కూడా. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. పాప్లార్ చెట్ల మీదుగా ఒక చుక్క, చుక్కకి రెక్కలు, రెక్కలు ముడుచుకుని రాయిలా కిందికి.

"నీలిది" అన్నాడు సిరీల్ ఊపిరి బిగబట్టి. "ఆ ముసిల్దే. అన్నిటికన్నా ముందు."

అది సందేహపడలేదు. ఇంటి కప్పుకేసి చూడలేదు, మట్టిగుట్టకేసి చూడలేదు. తిన్నగా గొయ్యి పైకొచ్చి, తోక విసనకర్రలా విప్పి, రెక్కలు వెనక్కి కొట్టి, రెండు ఎర్రటి కాళ్ళూ ముందుకు చాచి, పలక ఉండే ఎత్తులో, పలక ఉండే చోట, గాలి మీద దిగింది. జారింది. గొయ్యిలో సగం దాకా పడి, టపటపా కొట్టుకుంటూ పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ అక్కడికే వచ్చింది. మళ్ళీ కాళ్ళు చాచింది. మూడుసార్లు. నాలుగోసారికి హిల్డా కళ్ళు మూసుకుంది.

తెరిచేసరికి సిరీల్ కుప్ప మీంచి దిగే పలక లాక్కొచ్చి, గొయ్యి అంచున నిలబడి, దాన్ని రెండు చేతులతో నెత్తి మీద పట్టుకుని ఉన్నాడు. ఎడమకాలు వణుకుతోంది. హిల్డా పరిగెత్తి రెండో కొస పట్టుకుంది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పాత చెక్కని ఆకాశానికి ఎత్తి చూపిస్తున్నట్టు నిలబడ్డారు. వాల్టర్ పరిగెత్తుకొచ్చి గింజల డబ్బా తీసుకుని ఆడించాడు, ఎలా ఆడించాలో తెలీకపోయినా ఆడించాడు. పక్షి తిరిగింది, తిరిగింది. పందెం క్షణాలు పోతున్నాయి, నిమిషాలు పోతున్నాయి, ఇంక లెక్కే లేదు. చేతులు తిమ్మిరెక్కాయి.

"సోమవారం ఆపించేస్తా అన్నయ్యా. గూడు మళ్ళీ కట్టిస్తా. అచ్చు ఇలాగే."

"ఎక్కడ? గోతిలోనా?"

ఆమె తన వైపు కొసని ఇంకాస్త పైకెత్తింది.

"వీటిని ఎవరికిచ్చినా ఇక్కడికే వస్తాయి, తెలుసుగా నీకు" అన్నాడు అతను, పైకే చూస్తూ. "పంజరంలోంచి బతికున్నంతకాలం బయటికి వదలకూడదు. లేదా... ఆ రెండోది నేను చెయ్యలేను. నాన్నైతే మెడ తిప్పేసేవాడు. నా వల్ల కాదు."

ముసలిది చివరికి పలక మీద దిగింది. దానికి ఎంత బరువుందని, అయినా చెక్క మొత్తం కుంగినట్టయింది. సిరీల్ ఒక చేత్తో పలక మోస్తూనే రెండో చేతిని మెల్లగా పైకి పోనిచ్చి, దాన్ని ఒడుపుగా పట్టుకున్నాడు. కాలి ఉంగరాన్ని బట్టి పక్షి వచ్చిన వేళ నమోదుచేసే పందెం గడియారం జేబులోనే ఉంది. తియ్యలేదు. పక్షిని తెచ్చి హిల్డా చేతుల్లో పెట్టాడు.

"పట్టుకో. ఇంటికెళ్ళి బుట్టలు తెస్తా. మిగతావి వస్తే వాల్టర్ చూస్తాడు. దీన్ని వదలకు."

సైకిలు సందు దాటి వెళ్ళిపోయింది. పాప్లార్ల మీద ఇంకో రెండు చుక్కలు కనిపించాయి. హిల్డా రెండు చేతుల మధ్య ఐదున్నర గంటల ఎగురుడు ఇంకా ఆగకుండా కొట్టుకుంటోంది, వేడిగా. కనీసం దాన్ని కింద పెట్టి నీళ్ళివ్వాలి. ఇంటి కేసి నడిచింది. కిటికీలు లేవు, తలుపు లేదు. గరాజు కేసి తిరిగింది, గోడ లేదు. ఇంత స్థలంలో ఒక్క పక్షిని దింపడానికి చోటు లేదు. అది పారిపోవాలని పెనుగులాడలేదు, పొడవలేదు. ఆమె ఎటు తిరిగితే అటు ఒళ్ళు తిప్పనిచ్చి, తల మాత్రం తిప్పకుండా, గొయ్యి పైనున్న ఆ ఖాళీ కేసే చూస్తోంది.